చర్చ: శాన్‌ఫ్రాన్సిస్కో 4వ చానల్ ఎన్‌బీసీని ఎలా పోగొట్టుకుంది?

మిషన్‌పీక్ (ఫ్రీమాంట్)

పక్క చర్చలో ఒకాయన మంచి ప్రశ్న అడిగారు. శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ప్రాంతమైన బే ఏరియాలో, అమెరికా పెద్ద టీవీ నెట్‌వర్క్‌లలో ఫాక్స్ 2 మీద, సీబీఎస్ 5 మీద, ఏబీసీ 7 మీద వస్తాయి. అన్నీ శాన్‌ఫ్రాన్సిస్కో, ఓక్లండ్ స్టేషన్లే. ఎన్‌బీసీ ఒక్కటీ శాన్‌హోజేకి చెందిన 11 మీద ఎందుకు వస్తుంది? మధ్యలో ఉన్న 4 సంగతేంటి? అక్కడ రెండు వాక్యాల్లో తేల్చేశారు గానీ, అంతటితో పోయే కథ కాదది. అందుకే విడిగా మొదలుపెడుతున్నాను. తెలిసినవాళ్లు అందరూ రండి.

ముందు నాకు తెలిసింది. ఆ 4వ చానలే క్రాన్ టీవీ. 1949 నవంబర్ 15న మొదలైంది. ఉత్తర కాలిఫోర్నియాలో అది మూడోది. 1948 డిసెంబర్‌లో కేపిక్స్ (5వ చానల్), 1949 మేలో కేజీఓ (7వ చానల్) వచ్చాయి. క్రాన్ యజమాని శాన్‌ఫ్రాన్సిస్కో క్రానికల్ పత్రిక, అంటే డి యంగ్ కుటుంబం. మొదటి రోజు నుంచి 2001 డిసెంబర్ 31 దాకా అది ఎన్‌బీసీ స్టేషనే. యాభై రెండేళ్ల కాపురం ఒక్క అర్ధరాత్రితో తెగిపోయింది. నేను 98లో వచ్చాను కాబట్టి చివరి మూడేళ్లు మాత్రం చూశాను. వాళ్ల న్యూస్ అప్పట్లో ఈ ప్రాంతంలో గట్టిది. ఆ మాట మాత్రం ఎవరూ కాదనలేరు.

బెజవాడ బస్టాండు (విజయవాడ)

అన్నా, మొదటి మెట్టు దగ్గరే నాకొక సందేహం. మాకు దూరదర్శన్ ఉంటే హైదరాబాద్ కేంద్రమైనా, మా ఊరి రిలే అయినా అన్నీ ప్రభుత్వానివే. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చినప్పుడు ఉపగ్రహం నుంచి సరాసరి కేబుల్ అతని డిష్‌లో పడ్డాయి. ఊరికో స్టేషన్, దానికో వేరే యజమాని అనే మాటే లేదు. అక్కడ ఎన్‌బీసీ తన కార్యక్రమాలు తానే వేసుకోకుండా పత్రికవాళ్ల స్టేషన్ మీద ఎందుకు ఆధారపడింది?

సూట్రోనీడ (శాన్‌ఫ్రాన్సిస్కో)

బెజవాడ గారూ, అసలు ముడి అక్కడే ఉంది.

అమెరికాలో టీవీ లైసెన్సు దేశానికి ఇవ్వరు, ఊరికి ఇస్తారు. ప్రసారాలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ ఒక్కో ఊరికి కొన్ని చానళ్లు కేటాయిస్తే స్థానిక పత్రికలవాళ్లు, రేడియోవాళ్లు, వ్యాపారులు దరఖాస్తు పెట్టుకుని స్టేషన్ కట్టుకునేవాళ్లు. ఒకే కంపెనీ చేతిలో అన్నీ పడకూడదని ఆ రోజుల్లో ఎవరికైనా అయిదు స్టేషన్లే అని హద్దు పెట్టారు. ఎన్‌బీసీ తన అయిదూ న్యూయార్క్, వాషింగ్టన్, షికాగో, క్లీవ్‌లండ్, లాస్ ఏంజెలెస్‌లో వాడేసుకుంది. మిగతా దేశమంతా ఒప్పందాల మీదే నడిచింది. అలా ఒప్పందం కుదుర్చుకున్న స్టేషన్‌ను అఫిలియేట్ అంటారు.

ఒప్పందం ఏమిటంటే, సాయంత్రం ప్రధాన కార్యక్రమాలు, జాతీయ వార్తలు, ఆటలు నెట్‌వర్క్ పంపుతుంది. స్టేషన్ వాటిని ప్రసారం చేస్తుంది. మధ్యలో కొన్ని నిమిషాల ప్రకటనలు స్టేషన్ అమ్ముకుంటుంది. మిగతా సమయం, ముఖ్యంగా స్థానిక వార్తలు, పూర్తిగా స్టేషన్‌వి. మరో ముఖ్యమైన సంగతి: ఆ రోజుల్లో నెట్‌వర్కే స్టేషన్‌కు డబ్బు కట్టేది, "మా కార్యక్రమాలకు మీ గాలి ఇస్తున్నందుకు" అని. నచ్చకపోతే స్టేషన్ ఒక కార్యక్రమాన్ని వేయకుండా ఆపుకునే వీలు కూడా ఉండేది. ఈ రెండు మాటలూ గుర్తుపెట్టుకోండి, 1999 దగ్గరికి వచ్చాక రెండూ తిరగబడతాయి.

శాన్‌ఫ్రాన్సిస్కోలో సొంత స్టేషన్ లేదన్న వెలితి ఎన్‌బీసీని చాలా ఏళ్లు వెంటాడింది. 1960లోనే ఓక్లండ్‌లోని కేటీవీయూను (2వ చానల్) కొనడానికి బేరం కుదుర్చుకుంది. క్రానికల్ వాళ్లు గట్టిగా అడ్డుపడ్డారు. వాళ్లకు తమ నెట్‌వర్క్ పోతుందన్న భయం మరి. 1961లో ఆ బేరం వీగిపోయింది. కాబట్టి 1999లో జరిగింది ఒక్కసారిగా పుట్టిన కోపం కాదు.

శాన్‌హోజే పాతకాపు (శాన్‌హోజే)

నేను 84 నుంచి ఇక్కడే ఉన్నాను. అందరూ 4 గురించే మాట్లాడతారు గానీ మా 11 గురించి నేను చెబుతాను.

11 అంటే కేఎన్‌టీవీ. 1955 సెప్టెంబర్‌లో మొదలైంది. శాన్‌హోజే అప్పటికి తోటల ఊరు, చుట్టూ ప్రూన్, ఆప్రికాట్ తోటలు. పెద్ద ఊరి స్టేషన్ల నీడలో పడి నలిగిపోకుండా 1960లో ఏబీసీతో కలిసి దక్షిణంగా మాంటెరే, సలీనాస్ వైపు ముఖం పెట్టింది. ప్రసారం లోమా ప్రియెటా శిఖరం మీద నుంచి. 89 భూకంపం పేరుతో అందరికీ తెలిసిన కొండే. అక్కడ నుంచి వేస్తే శాంతాక్రూజ్, మాంటెరే హాయిగా అందేవి. చాలా ఏళ్లు శాన్‌హోజేకి సొంత వార్తలు చెప్పిన స్టేషన్ అది. శాన్‌ఫ్రాన్సిస్కో స్టేషన్లకు మేం గుర్తొచ్చేది హత్య జరిగితేనో, చిప్ కంపెనీ మూతపడితేనో.

ఇబ్బంది ఏంటంటే శాన్‌ఫ్రాన్సిస్కోలో 7 మీద కేజీఓ ఉంది, అది ఏబీసీ సొంతది. ఒకే ఇంట్లో రెండు ఏబీసీలు కనబడేవి. చివరికి ఏబీసీ వైపు నుంచే డబ్బు ఇచ్చి, మీరు మా అనుబంధం వదులుకోండి అన్నారు. 2000 జూలైలో కేఎన్‌టీవీ ఏబీసీని వదిలేసింది. అప్పటికే దానికి ఎన్‌బీసీ తలుపు తెరిచి పెట్టి ఉంది.

ఓరుగల్లు (వరంగల్)

మంచిగ నడుస్తుంది చర్చ. నేను హైదరాబాద్‌ల ఒక న్యూస్ చానల్ల చాన ఏండ్లు పనిచేసిన, అందుకే అడుగుతున్న. పత్రిక యజమాన్యం చేతిలనే టీవీ కూడా ఉంటే వార్తల మీద ఒత్తిడి ఉండదా? మన దగ్గర అది కొత్త ముచ్చట కాదు. అక్కడ ఎవరూ అడగలేదా?

మిషన్‌పీక్

అడిగారు ఓరుగల్లు గారూ, అడిగింది కూడా లోపలి మనిషే. 1968లో క్రాన్‌లో పనిచేసే ఒక కెమెరామన్ ఎఫ్‌సీసీకి ఫిర్యాదు రాశాడు. యజమానుల వ్యాపారాలకు పనికొచ్చేవి వార్తలుగా వేస్తున్నారు, పనికిరానివి తొక్కేస్తున్నారు అని. కేబుల్ లైసెన్సుల కోసం ఏ ఊరి పెద్దల మద్దతు కావాలో ఆ ఊరి వార్తలు తీసుకురమ్మంటున్నారన్నది అందులో ఒకటి. 1969లో ఎఫ్‌సీసీ లైసెన్సు పొడిగింపు ఆపి విచారణకు ఆదేశించింది. కంపెనీ అతని వెనక ప్రైవేటు డిటెక్టివ్‌లను పెట్టింది. అది బయటపడ్డాక పరువు ఇంకా పోయింది.

1973లో లైసెన్సు పొడిగించారు, స్టేషన్ నిలబడింది. అయినా ఆ గొడవ వృథా పోలేదు. 1975లో ఎఫ్‌సీసీ ఒకే ఊళ్లో పత్రిక, టీవీ ఒకే చేతిలో కొత్తగా ఉండకూడదని నిబంధన తెచ్చింది. అప్పటికే రెండూ ఉన్నవాళ్లలో చాలామందిని, క్రానికల్ సహా, అలాగే ఉండనిచ్చింది.

నాకు ఆ కెమెరామన్ మీద చాలా గౌరవం. ఉద్యోగం చేస్తున్న చోటి గురించి ప్రభుత్వానికి సంతకం పెట్టి రాయడం చిన్న విషయం కాదు. ఆ తర్వాతి రెండు దశాబ్దాల్లో క్రాన్ న్యూస్‌కు వచ్చిన పేరులో ఆ భయం కూడా ఒక పాలు ఉందనే అనుకుంటాను.

లెక్కలమాస్టారు (ప్లెజంటన్)

ఇక డబ్బు సంగతి నేను అందుకుంటాను.

1999 నాటికి డి యంగ్ వారసులు చాలామంది అయిపోయారు. కొందరికి పత్రిక మీద ప్రేమ, చాలామందికి తమ వాటా చేతికి రావాలన్న ఆలోచన. మొత్తం కంపెనీని ముక్కలుగా అమ్మేయాలని తీర్మానించారు. పత్రిక 66 కోట్ల డాలర్లకు హర్స్ట్ సంస్థకు పోయింది. స్టేషన్ వేలానికి వచ్చింది.

అప్పటి పరిస్థితి చూడండి. బే ఏరియా దేశంలో మొదటి ఆరు పెద్ద మార్కెట్లలో ఒకటి. డాట్‌కామ్ (ఇంటర్నెట్) కంపెనీల ప్రకటనలు కుండపోతగా పడుతున్నాయి. ఏబీసీకి ఇక్కడ సొంత స్టేషన్ ఉంది. కేపిక్స్ యజమాని వెస్టింగ్‌హౌస్ 1995లో సీబీఎస్‌ను కొనడంతో కేపిక్స్ కూడా నెట్‌వర్క్ సొంతం అయిపోయింది. ఎన్‌బీసీకే లేదు. కాబట్టి ఎన్‌బీసీ క్రాన్‌ను కొనుక్కోవడం ఖాయం అనుకున్నారందరూ.

వేలంలో గెలిచింది న్యూయార్క్‌కు చెందిన యంగ్ బ్రాడ్‌కాస్టింగ్ (డి యంగ్ కుటుంబం కాదు, వేరే కంపెనీ). ఎన్‌బీసీ కంటే పైకి పాడింది. 65 కోట్ల డాలర్ల రొక్కం, పైన తన షేర్లు, వెరసి 82.3 కోట్ల డాలర్లు. అప్పటిదాకా ఒక్క స్టేషన్‌కు అంత ధర ఎవరూ పెట్టలేదు. రొక్కంలో ఎక్కువ భాగం అప్పు.

ఇక్కడ అసలు విషయం. ఆ 82 కోట్లలో భవనం, కెమెరాలు, టవర్‌లో వాటా విలువ ఎంత? గట్టిగా లెక్కేస్తే చిన్న భాగం. మిగతాదంతా "ఇది ఎన్‌బీసీ స్టేషన్" అన్న భరోసా మీద కట్టిన వెల. ఆ భరోసా రాసి ఉన్న కాగితం గడువు 2001 డిసెంబర్ 31. పొడిగించాలో వద్దో చెప్పేది వేలంలో ఓడిపోయిన మనిషి. ఇల్లు కొని దారి పక్కింటివాడి దగ్గర వదిలేసినట్టు.

కృష్ణవేణి (సన్నీవేల్)

మాస్టారూ, మీరు చెబుతుంటే తప్పంతా యంగ్‌దే అన్నట్టుంది. ఎన్‌బీసీ పెట్టిన షరతులు కూడా చెప్పండి. స్టేషన్ పేరు ఎన్‌బీసీ 4 అని మార్చాలి, మా కార్యక్రమాల్లో ఒక్కటి కూడా ఆపకూడదు, పైగా ఏటా మీరే మాకు డబ్బు కట్టాలి అని. యాభై ఏళ్లు తన మాట మోసిన స్టేషన్‌తో మాట్లాడే తీరా అది? క్రాన్ అన్న పేరు ఈ ఊరివాళ్లకు తెలుసు. పేరు తీసేయమంటే ఏ యజమాని ఒప్పుకుంటాడు?

లెక్కలమాస్టారు

అమ్మా, షరతులు కఠినమే. కాదనను. కానీ అప్పటికి గాలి మారిపోయింది. 1994లో ఫాక్స్ వచ్చి, చాలా స్టేషన్లున్న న్యూ వరల్డ్ కంపెనీలో 50 కోట్ల డాలర్లు పెట్టి, ఒక్క దెబ్బకు పన్నెండు స్టేషన్లను తనవైపు తిప్పుకుంది. ఫుట్‌బాల్ హక్కులు దక్కించుకున్న ఊపులో చేసిన పని. అప్పుడు స్టేషన్లకు నెట్‌వర్క్‌లు ఎదురు డబ్బు ఇచ్చి బతిమాలుకున్నాయి. ఆటల హక్కుల ధరలు ఆకాశానికి పోయేసరికి అదే నెట్‌వర్క్‌లు లెక్క తిరగేశాయి. మేం మీకు ఎందుకివ్వాలి, మీరే మాకివ్వండి అని. సూట్రోనీడ గారు పైన గుర్తుపెట్టుకోమన్నది ఇదే.

యంగ్ ఒప్పుకోలేదు. 2000 ఫిబ్రవరిలో శాన్‌హోజే కేఎన్‌టీవీ యజమాని గ్రానైట్ ముందుకొచ్చి, ఏటా సుమారు 3.7 కోట్లు, పదేళ్లలో మొత్తం 36.2 కోట్ల డాలర్లు ఎన్‌బీసీకి కట్టడానికి సంతకం పెట్టింది. ఒక అఫిలియేట్ నెట్‌వర్క్‌కు ఇంత కట్టడం అప్పటికి వినని మాట. యంగ్ చేతికి స్టేషన్ తాళాలు వచ్చింది 2000 జూన్‌లో. అంటే నెట్‌వర్క్ పోతుందని తెలిసీ కొనుగోలు పూర్తి చేయాల్సి వచ్చింది.

శాన్‌హోజే పాతకాపు

కృష్ణవేణి గారూ, ఆపకూడదన్న షరతు గాల్లోంచి పుట్టలేదు. ఇక్కడి స్టేషన్లు చాలా స్వతంత్రంగా ఉండేవి. 1992లో కేపిక్స్, క్రాన్ రెండూ రాత్రి 8కి మొదలవ్వాల్సిన నెట్‌వర్క్ కార్యక్రమాలను 7కే మొదలుపెట్టేశాయి. బే ఏరియా జనం పొద్దున్నే లేచి డ్యూటీలకు పోతారు, తొందరగా పడుకుంటారు, కాబట్టి రాత్రి వార్తలు 10కే చెబుదాం అని. మా ఇంట్లో అది మాకు బాగానే ఉండేది. నాకు పొద్దున షిఫ్ట్. క్రాన్ త్వరగానే పాత వేళలకు వచ్చేసింది, కేపిక్స్ మాత్రం 1998 దాకా నడిపింది. న్యూయార్క్‌లో కూర్చున్నవాళ్లకు ఇది ఎలా కనిపించి ఉంటుంది?

కృష్ణవేణి

అదే కదండీ నేను చెప్పేది. ఈ ఊరి జనం ఎప్పుడు పడుకుంటారో ఈ ఊరి స్టేషన్‌కే తెలుసు. ఆ తెలివి ఉన్న స్టేషన్ విలువైనది. దాన్ని ఒక షరతుగా రాసి తీసేయమన్నారు. నా అభిప్రాయం మారదు.

సూట్రోనీడ

ఆ మార్పిడిలో ప్రేక్షకులకు ఏం జరిగిందో కూడా రాయాలి, అది ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

2002 జనవరి 1 నుంచి ఎన్‌బీసీ కేఎన్‌టీవీలో. ఫిబ్రవరి 8న సాల్ట్‌లేక్ శీతాకాల ఒలింపిక్స్ మొదలు. కేబుల్ ఉన్నవాళ్లకు ఇబ్బంది లేదు. చాలా చోట్ల కేబుల్‌లో అది 3వ నంబర్ మీద వచ్చేది, అందుకే కొన్నాళ్లు తనను ఎన్‌బీసీ 3 అని పిలుచుకుంది. యాంటెనా మీద బతికే మాలాంటివాళ్ల సంగతి వేరు. నేను అప్పుడు రిచ్‌మండ్ డిస్ట్రిక్ట్‌లో రెండో అంతస్తు గదిలో ఉండేవాణ్ణి. 4, 5, 7, 2 అన్నీ సూట్రో టవర్ నుంచి, ఇంటికి నాలుగు మైళ్ల లోపు. 1973 నుంచి ఆ 977 అడుగుల టవర్ మీద నుంచే వస్తున్నాయి. ఎన్‌బీసీ మాత్రం లోమా ప్రియెటా మీద నుంచి, మధ్యలో అన్ని కొండలు దాటుకుని రావాలి. టీవీ మీది కుందేలు చెవుల యాంటెనాను కిటికీ గాజుకు ఆనించి, ఒక చెవి నేలకు సమాంతరంగా వంచితే రంగు పోయి నలుపు తెలుపుల్లో బొమ్మ వచ్చేది. స్కేటింగ్ చేసే అమ్మాయి ఒకతే, ఆమె పక్కనే చెయ్యెడు దూరంలో ఇంకో నీడ, దాని పక్కన మరో నీడ. కొండలకు తగిలి ఆలస్యంగా వచ్చిన సంకేతాలవి. చెయ్యి తీస్తే మొత్తం మంచు. ఉత్తరాన మరీన్ కౌంటీలో ఉన్న స్నేహితులకు ఆ నీడలు కూడా లేవు.

2005లో కేఎన్‌టీవీ తన ప్రసారాన్ని శాన్‌బ్రూనో కొండ మీదికి మార్చుకున్నాకే ఈ బాధ తీరింది. సూట్రో రాకముందు క్రాన్ ప్రసారం కూడా ఆ కొండ మీద నుంచే ఉండేది. ఎన్‌బీసీ చివరికి మళ్లీ అదే కొండెక్కింది.

బెజవాడ బస్టాండు

అంటే మూడేళ్లకు పైగా నగరంలో కొంతమందికి ఎన్‌బీసీ సరిగా కనబడలేదా? అంత పెద్ద కంపెనీ దాన్ని ఎలా ఒప్పుకుంది?

లెక్కలమాస్టారు

కేబుల్ ఉన్న ఇళ్లే ఎక్కువ కాబట్టి. పైగా ఇంకో మెలిక ఉంది. అన్ని కోట్లు కడతానన్న గ్రానైట్‌కు ఆ భారం మోయడం కష్టమైంది. 2001లో డాట్‌కామ్ బుడగ పగిలింది, సెప్టెంబర్ తర్వాత ప్రకటనలు ఇంకా పడిపోయాయి. ఆ డిసెంబర్‌లోనే కేఎన్‌టీవీని ఎన్‌బీసీకే 23 కోట్ల డాలర్లకు అమ్మడానికి ఒప్పుకుంది. 2002లో అమ్మకం పూర్తయింది. వేలంలో 82 కోట్ల దగ్గర చేజారిన మార్కెట్ ఎన్‌బీసీకి మూడో వంతు కంటే తక్కువకే దక్కింది.

యంగ్ వైపు చూస్తే, అప్పు తీర్చడానికి లాస్ ఏంజెలెస్‌లో ఉన్న కేకాల్ స్టేషన్‌ను 2002లో వయాకామ్‌కు 65 కోట్లకు అమ్ముకుంది. క్రాన్ కోసం కట్టిన రొక్కం కూడా సరిగ్గా అంతే. ఒక మంచి స్టేషన్ అమ్మి, నెట్‌వర్క్ పోయిన స్టేషన్‌ను నిలబెట్టుకుంది. 2008లో క్రాన్‌ను అమ్మకానికి పెడితే కొనేవాళ్లు దొరకలేదు. 2009 ఫిబ్రవరిలో కంపెనీ దివాలా రక్షణ కోరింది.

కృష్ణవేణి గారితో నా తేడా ఇదొక్కటే. ఎన్‌బీసీ పొగరు స్టేషన్‌ను గాయపరిచింది, నిజమే. కానీ అప్పు లేని క్రాన్ ఆ గాయంతో కూడా దర్జాగా బతికేది. ఓక్లండ్ కేటీవీయూ నెట్‌వర్క్ లేకుండానే ఎన్నో ఏళ్లు రాత్రి పది గంటల వార్తలతో ఈ ప్రాంతంలో పేరు తెచ్చుకుంది కదా. అసలు దెబ్బ వేలంపాటలో పడింది.

ఓరుగల్లు

మాస్టారు చెప్పిన అప్పు ముచ్చట న్యూస్‌రూముల ఎట్ల దిగుతదో నేను చెప్త. 2005ల క్రాన్ రిపోర్టర్, కెమెరామన్, ఎడిటర్ అన్న మూడు పనులు ఒక్కరికే అప్పజెప్పింది. వీడియో జర్నలిస్ట్ అన్నరు. అమెరికాల పెద్ద ఊరి స్టేషన్ ఒకటి మొత్తం న్యూస్‌రూమును అట్ల మార్చుడు అప్పటికి కొత్త, మా హైదరాబాద్ డెస్కుల కూడా దాని గురించి మాట్లాడుకున్నం. చిన్న కెమెరా, ల్యాప్‌టాప్ ఇచ్చి, నువ్వే తియ్యి, నువ్వే కోయి, నువ్వే చెప్పు అన్నరు.

తర్వాత మా దగ్గర కూడా ఆ పద్ధతి వచ్చింది, నేను కూడా చేసిన. ఒక్కడే ఉంటే ఎక్కడికైనా దూరొచ్చు, ఎవరూ బెదరరు, ఆ మేలు ఉంది. కాని నువ్వు ఫోకస్ చూసుకుంటున్న టైమ్‌ల ఎదురుంగ ఉన్న మనిషి ముఖం మారుతది, ఆ క్షణంల అడగాల్సిన ప్రశ్న పోతది. కెమెరామన్ పక్కన ఉంటే రిపోర్టర్ కండ్లు మనిషి మీదనే ఉంటయి. ఖర్చు తగ్గింది అని కాగితం మీద రాస్తరు, పోయిన ప్రశ్న ఏ కాగితం మీద రాదు.

మిషన్‌పీక్

ఓరుగల్లు గారి మాట అక్షరాలా నిజం. ఆ రోజుల్లో మా ఫ్రీమాంట్‌లో ఒక రోడ్డు ప్రమాదం దగ్గర క్రాన్ మనిషిని చూశాను. ట్రైపాడ్ నిలబెట్టి, కెమెరా ఆన్ చేసి, తానే ముందుకొచ్చి నిలబడి మాట్లాడాడు. తిరిగి వెళ్లి చూసుకున్నాడు, తల సగం తెగింది, మళ్లీ వచ్చి మాట్లాడాడు. తర్వాత కారు ముందు సీట్లో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కోతలు మొదలుపెట్టాడు. పక్కనే వేరే స్టేషన్ వాళ్లు ముగ్గురు, వ్యాన్ మీద డిష్. అయినా ఆ సాయంత్రం ఆయన కథనంలోనే ఆ కూడలి దగ్గర సిగ్నల్ లైటు కోసం జనం ఎన్నాళ్లుగా అడుగుతున్నారో వచ్చింది. మిగతావాళ్లు ఎంతమంది గాయపడ్డారో చెప్పి ఊరుకున్నారు.

అందుకే నేను క్రాన్‌ను ఓడిపోయిన స్టేషన్ అనను. నెట్‌వర్క్ పోయాక ఖాళీ అయిన గంటల్లో పాత సినిమాలు, కొనుక్కొచ్చిన షోలు మాత్రమే వేసుకుని కూర్చోవచ్చు. వాళ్లు ఎక్కువ గంటలు స్థానిక వార్తలతో నింపారు. పొద్దున పూట 5, 7, 11 న్యూయార్క్ షోలకు వెళ్లిపోయాక కూడా వీళ్లు ట్రాఫిక్, వాతావరణం, ఇక్కడి వార్తలే చెబుతూ ఉండేవాళ్లు.

కృష్ణవేణి

అవును, మా అత్తయ్య గారు ఇక్కడికి వచ్చినప్పుడల్లా పొద్దున ఆ చానలే. ఇంగ్లీషు అంతంత మాత్రమే అయినా ఏ ఫ్రీవే మీద బండ్లు ఆగిపోయాయో మ్యాపు చూసి మా ఆయనకు చెప్పేవారు. 2020 ఆగస్టులో పిడుగులు పడి చుట్టూ కొండలన్నీ అంటుకున్నప్పుడు ఎవరు ఇళ్లు ఖాళీ చేయాలి, ఎక్కడికి వెళ్లాలి అన్నది గంటల తరబడి స్థానిక స్టేషన్లే చెప్పాయి. అలాంటి పూట నెట్‌వర్క్ ఏది అన్నది ఎవరికి పట్టింది?

శాన్‌హోజే పాతకాపు

మా 11 కూడా ఆ మంటల్లో రాత్రింబవళ్లు పనిచేసిందమ్మా. ఎన్‌బీసీ సొంతం అయ్యాక దానికి డబ్బు, మనుషులు వచ్చాయి. తోటల ఊరి చిన్న స్టేషన్ మొత్తం బే ఏరియాకు చెప్పే స్థాయికి పెరిగింది. శాన్‌హోజే జనాభా శాన్‌ఫ్రాన్సిస్కోను దాటి చాలా ఏళ్లయింది, నాలుగు పెద్ద నెట్‌వర్క్‌లలో ఒకటైనా మా ఊరి పేరు మీద ఉండటం న్యాయమే. క్రాన్ కథ విషాదంగా చెప్పుకుంటే చెప్పుకోండి, దాని రెండో సగం మాత్రం మాకు మంచే చేసింది.

బెజవాడ బస్టాండు

చివరి ప్రశ్న. ఇప్పుడు 4 ఎవరిది? ఏ నెట్‌వర్క్?

మిషన్‌పీక్

ఇక్కడే కథ మళ్లీ తిరిగింది. 2006 సెప్టెంబర్‌లో మైనెట్‌వర్క్‌టీవీ అనే చిన్న నెట్‌వర్క్‌తో కలిసింది, అది పేరుకే. యంగ్ దివాలా నుంచి బయటపడి 2013లో మీడియా జనరల్‌లో కలిసింది. ఆ మీడియా జనరల్‌ను 2017 జనవరిలో నెక్స్‌టార్ కొనేసింది. నెక్స్‌టార్ అంటే ఇప్పుడు దేశంలో అత్యధిక స్టేషన్లున్న కంపెనీ.

2022లో ఆ నెక్స్‌టార్ సీడబ్ల్యూ నెట్‌వర్క్‌లో 75 శాతం వాటా కొంది. 2023 సెప్టెంబర్ 1 నుంచి సీడబ్ల్యూ క్రాన్ మీదికి వచ్చింది. ఒకప్పుడు నెట్‌వర్క్‌కు ఈ ఊళ్లో సొంత స్టేషన్ కావాలనే పట్టుదల వల్ల క్రాన్ ఒంటరి అయింది. ఇప్పుడు స్టేషన్ల యజమానే నెట్‌వర్క్‌ను కొనుక్కుని తెచ్చి పెట్టాడు.

భవనం సంగతి కూడా. 1967 నుంచి ఉన్న 1001 వాన్‌నెస్ వదిలేసి 2014లో 900 ఫ్రంట్ స్ట్రీట్‌కు మారారు. అది ఏబీసీ భవనం, లోపల కేజీఓ ఉంది. అరవై ఏళ్లకు పైగా పోటీపడ్డ 4, 7 ఇప్పుడు ఒకే కప్పు కింద అద్దెదారు, యజమాని. వాన్‌నెస్ స్థలంలో వయసు మళ్లినవాళ్లు ఉండే ఖరీదైన నివాస భవనం లేచింది.

లెక్కలమాస్టారు

కేటీవీయూ ముచ్చట కూడా ఇలాంటిదే. 2014లో ఫాక్స్ తన బోస్టన్, మెంఫిస్ స్టేషన్లు రెండూ కేటీవీయూ యజమాని కాక్స్ కంపెనీకి ఇచ్చి దాన్ని తీసుకుంది. దాంతో ఈ మార్కెట్లో నాలుగు పెద్ద నెట్‌వర్క్‌లకూ సొంత స్టేషన్లే అయ్యాయి. అది వేరే చర్చగా పెడతాను, వేలంపాట లేకుండా మార్పిడి ఎలా జరిగిందో అక్కడ మాట్లాడుకుందాం.

సూట్రోనీడ

పెట్టండి మాస్టారూ. 1961లో ఎన్‌బీసీకి తప్పిపోయిన బేరం దగ్గర మొదలుపెడితే బాగుంటుంది. టవర్ వాటాల సంగతి నేను రాస్తాను.